తినని కుక్క కడుపు మాడ్చి పచ్చి మాంసం అలవాటు చేయాలా? (స్టూడియో చర్చ, పూర్తి పాఠం)

(మాట్లాడినవాళ్లను వాళ్ల పనిని బట్టే పేర్కొన్నాం: ప్రచారకుడు అంటే పచ్చి మాంసాహార ప్రచారకుడు, శిక్షకురాలు అంటే కుక్కల శిక్షకురాలు. ఒకరి మాట మీద ఒకరి మాట పడినచోట వినిపించినంతవరకే రాశాం. రెండు మూడు ఘాటు మాటలు తీసేశాం.)

మోడరేటర్: నమస్కారం. కొన్ని రోజులుగా ఫోన్లలో తిరుగుతున్న వీడియో మీరూ చూసే ఉంటారు. గిన్నె నిండా పచ్చి మాంసం, ఎదురుగా మొహం తిప్పుకుని కూర్చున్న కుక్క. వెనకనుంచి ఒక గొంతు: "ఇవాళ మూడో రోజు. ఆకలేస్తే అదే తింటుంది." కొందరు అమానుషం అన్నారు, కొందరు ఇలాగే లొంగదీయాలన్నారు. నలుగురినీ పిలిచాం. అందరికీ సమాన సమయం, అది నా హామీ. మొదటి ప్రశ్న సూటిగా అడుగుతున్నాను: కుక్క తోడేలా, కాదా?

ప్రచారకుడు: తోడేలే! సందేహం ఎందుకండీ? ఆ కోరలు చూడండి, ఆ దవడ చూడండి. ఏ తోడేలైనా అడవిలో గోధుమ పండించుకుని, గుండ్రటి ముక్కలు చేసుకుని తింటుందా? నేను ఏళ్ల తరబడి నా కుక్కలకు పచ్చిదే పెడుతున్నాను. ఒక్కటీ మొండికేయలేదు. మొండికేసేది కుక్క కాదు, భయపడేది మనిషి.

పశువైద్యురాలు: అసలు ప్రశ్న అది కాదండీ. తోడేలు నుంచి వేరుపడి కుక్క వేల ఏళ్లు మనతో...

మోడరేటర్: వస్తాను డాక్టర్ గారూ, మీ దగ్గరికే వస్తాను. ముందు ఇంట్లో ఈ సమస్య ఉన్నాయన మాట విందాం. చెప్పండి సార్.

యజమాని: మాది నాలుగేళ్ల ఆడకుక్కండీ. చిన్నప్పట్నుంచి డ్రై ఫుడ్డే. పచ్చి మాంసం మంచిదని విని కోడి మెడ ఒకటి పెట్టాను. నోట కరుచుకుని పరిగెత్తింది. అబ్బా, తింటోంది అని సంబరపడ్డాను. తీరా చూస్తే సోఫాలో దిండు కింద దాచింది. దాచి వచ్చి డ్రై ఫుడ్ డబ్బా ముందు కూర్చుని, ముక్కుతో మూత తడుతోంది.

(నవ్వులు)

ప్రచారకుడు: అదే వ్యసనమంటే! తమ్ముడూ, ఆ డబ్బాలో ఏముందో తెలుసా? పిండి ఉడికించి, ఎండబెట్టి, పైన కొవ్వు చల్లుతారు. కాలేయాన్ని కరిగించి చేసిన వాసన ద్రవం చల్లుతారు. కుక్క తినేది ఆ పూతని! లోపల పిండిని కాదు.

పశువైద్యురాలు: పూత సంగతి నిజమే. రుచి కోసం అలా చల్లుతారు. కానీ లోపలంతా పిండే అనడం తప్పు. సమతుల ఆహారం అని రాసి అమ్మేవాటికి పోషకాల లెక్క...

ప్రచారకుడు: చూశారా, డాక్టర్ గారే ఒప్పుకున్నారు!

మోడరేటర్: అంటే తోడేలుకి ఆ పూత అలవాటు చేశాం అన్నమాట?

పశువైద్యురాలు: తోడేలు కాదండీ. 2013లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన చూడండి. పిండిపదార్థాన్ని అరిగించే అమైలేజ్ జన్యువు తోడేలుకు రెండు ప్రతులుంటే, కుక్కకు 4 నుంచి 30 వరకూ కనిపించాయి. మనతో బతుకుతూ మన తిండికి...

ప్రచారకుడు: అరిగించుకోగలగడం వేరు, అవసరం ఉండడం వేరు! మనం మైదా అరిగించుకుంటాం, అందుకని మూడు పూటలా మైదాయే తినాలా?

మోడరేటర్: బాగుంది, బాగా చెప్పారు. శిక్షకురాలు గారూ, ఇంతసేపూ మీరేం మాట్లాడలేదు.

శిక్షకురాలు: అవకాశం రాలేదండీ. వీరి కుక్క చేసింది చూస్తే నాకు మొండితనం కనబడట్లేదు. అది ఆ మెడని తిండి అనుకోలేదు. విలువైన వస్తువనుకుంది, అందుకే దాచుకుంది. నాలుగేళ్లు కరకరలాడే ముక్కలు తిన్న నోటికి చల్లగా, జారుడుగా, బరువుగా ఉన్న వస్తువు ఇస్తే దాన్ని ఏం చేయాలో తెలియదు. ఫ్రిజ్‌లోంచి తీసింది తీసినట్టు పెట్టారా?

యజమాని: అవునండీ. అలాగే పెట్టాను.

శిక్షకురాలు: అక్కడే సగం పోయింది. చల్లటి మాంసం వాసన రాదు. కుక్క ముందు ముక్కుతో తింటుంది. మాంసాన్ని కవర్లో పెట్టి, ఆ కవర్ని గోరువెచ్చటి నీళ్ల గిన్నెలో కాసేపు ఉంచండి. ఎముక ఉంటే మైక్రోవేవ్‌లో పెట్టొద్దు. ఉడికిన ఎముక పెళుసెక్కి ముక్కలవుతుంది, గొంతులో, పేగులో గుచ్చుకుంటుంది. ఇక మొదటి వారం ఎముక జోలికే పోకండి. మెత్తగా కొట్టిన మాంసం, అదీ ఒకే జంతువుది. పెనం మీద పైపైన వేడి చూపించి, రోజురోజుకీ ఆ వేడి తగ్గిస్తూ...

ప్రచారకుడు: అమ్మా, అమ్మా, ఇదే పొరపాటు. ఇవాళ కాల్చి పెడితే రేపు ఉప్పు కారం వేయమంటుంది! ఒక పూట ఖాళీ కడుపుతో ఉంచండి, పచ్చిది పెట్టండి, అంతే. తోడేలు రోజూ తినదు.

మోడరేటర్: అదే నా ప్రశ్న! తోడేలు రోజూ తినదు కదా డాక్టర్ గారూ?

పశువైద్యురాలు: ఆరోగ్యంగా ఉన్న పెద్ద కుక్క ఒక పూట మానేస్తే ప్రమాదం లేదు, ఒప్పుకుంటాను. కానీ కూనని పస్తు పెట్టకూడదు, ముఖ్యంగా చిన్న జాతి కూనల్ని. రక్తంలో చక్కెర పడిపోతుంది. మధుమేహం ఉండి ఇన్సులిన్ తీసుకునే కుక్కని అసలే పెట్టకూడదు. వీడియోలో ఉన్నది మూడో రోజు! రోజంతా తిండి ముట్టని కుక్క మొండిది అనుకునే ముందు నోరు తెరిచి చూడాలి. దవడ పన్ను విరిగి ఉండొచ్చు, చిగురు వాచి ఉండొచ్చు. అలాంటి కుక్క...

మోడరేటర్: మా ఇంట్లో పిల్లి ఉంది. దాన్ని కూడా ఇలా ఒక పూట...

పశువైద్యురాలు: వద్దండీ! పిల్లి కొన్ని రోజులు తినకపోతే కాలేయంలో కొవ్వు పేరుకుంటుంది. ప్రాణం మీదికొస్తుంది. కుక్కకి చెప్పిన మాట పిల్లికి పనికిరాదు.

(పిల్లి గురించి సుమారు రెండు నిమిషాలు సాగింది. మోడరేటర్ పిల్లి చేప తప్ప తినదని మాత్రం తెలిసింది.)

ప్రచారకుడు: మనం కుక్క దగ్గరికొద్దాం. లెక్క చాలా తేలిక. 80 పాళ్లు మాంసం, 10 పాళ్లు పచ్చి ఎముక, 5 కాలేయం, 5 మూత్రపిండం లాంటి ఇంకో అవయవం. పెద్ద కుక్కకి రోజుకి దాని బరువులో రెండు మూడు శాతం. ఆస్ట్రేలియా పశువైద్యుడు బిల్లింగ్‌హర్స్ట్ 1993లోనే ఈ పచ్చి తిండి మాట గట్టిగా చెప్పాడు. ఆయనా డాక్టరే కదా!

పశువైద్యురాలు: ఆ పాళ్లు చిటికెలో చెప్పేశారు కానీ, అది అన్ని కుక్కలకీ సరిపోయే సమతుల ఆహారం కాదండీ. కాల్షియానికీ ఫాస్ఫరస్‌కీ నిష్పత్తి ఉంటుంది. ఎముక లేకుండా ఒట్టి మాంసమే పెడితే కాల్షియం చాలదు. పెద్ద జాతి కూనకైతే ఎముకలే వంకరపోతాయి. ఎముక ఎక్కువైతే మలం తెల్లగా, సుద్దలా వచ్చి కుక్క ముక్కుతూ బాధపడుతుంది. కాలేయం ఇష్టంగా తింటోందని అదే పెడితే విటమిన్ ఏ ఎక్కువై...

ప్రచారకుడు: నేను ఐదు పాళ్లన్నాను కదా! ఎక్కువ పెట్టమని నేనన్నానా? అన్నానా?

మోడరేటర్: అనలేదు, ఆయన అనలేదు.

పశువైద్యురాలు: నేను వీరికి చెబుతున్నాను, మీకు కాదు. ఇంకో సంగతి. అమెరికన్ వెటర్నరీ మెడికల్ అసోసియేషన్ అనే పశువైద్యుల సంఘం 2012లో పచ్చి మాంసాహారాన్ని ప్రోత్సహించొద్దని విధానం పెట్టుకుంది. కారణం సూక్ష్మజీవులు. అదే దేశంలో ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 196 పచ్చి పెంపుడు జంతువుల ఆహార నమూనాలు పరీక్షిస్తే 15లో సాల్మొనెల్లా, 32లో లిస్టీరియా అనే బ్యాక్టీరియా దొరికాయి.

ప్రచారకుడు: కుక్క కడుపులో ఆమ్లం ఎంత ఘాటో తెలుసా మీకు? నా కుక్కలకి ఏమీ కాలేదు! మీ పరీక్షలు డబ్బాలో, నా పరీక్ష ఇంట్లో!

పశువైద్యురాలు: కుక్కకి ఏమీ కాకపోవచ్చు. అయినా ఆ సూక్ష్మజీవులు మలంలో బయటికొస్తాయి. కుక్క మూతి నాకి పసిపిల్ల చెయ్యి నాకితే? ఇంట్లో గర్భిణి ఉంటే? కీమోథెరపీలో ఉన్నవాళ్లుంటే?

ప్రచారకుడు: వారం రోజులు గడ్డకట్టించండి, అన్నీ చస్తాయి.

పశువైద్యురాలు: చావవు! కొన్ని పరాన్నజీవులు చస్తాయి. సాల్మొనెల్లా ఫ్రీజర్‌లో నిద్రపోయి, కరిగాక లేస్తుంది.

(ఇక్కడ ముగ్గురూ ఒకేసారి మాట్లాడారు. "కంపెనీల జేబులో" అన్న మాట ఒక్కటే స్పష్టంగా వినపడింది. ఎవరన్నదో ఊహించడం కష్టం కాదు.)

మోడరేటర్: ఒక్క నిమిషం, ఒక్క నిమిషం. అసలు ఈ డ్రై ఫుడ్ ఎప్పుడు మొదలైంది? దానికి ముందు కుక్కలు బతకలేదా?

ప్రచారకుడు: అద్భుతమైన ప్రశ్న! పందొమ్మిదో శతాబ్దంలో, 1860ల్లో, స్ప్రాట్ అనే ఆయన లండన్‌లో కుక్క బిస్కెట్లు అమ్మడం మొదలెట్టాడు. అంతకు ముందు కుక్కలన్నీ ఏం తిన్నాయి?

శిక్షకురాలు: మనుషులు పారేసినవన్నీ తిన్నాయండీ. ఎక్కువగా ఉడికినవే.

ప్రచారకుడు: ... అది వేరే చర్చ.

మోడరేటర్: సరే, తోడేలు విషయానికొస్తే...

యజమాని: సార్, నాదొక్కటి. నా కుక్క సంగతి ఇంకా తేలలేదు. మెత్తగా కొట్టింది కూడా పెట్టి చూశాను. రెండుసార్లు నాకి, కాలితో నేలమీద గీరింది, దాని మీద ఏదో కప్పేసినట్టు. తర్వాత నా మొహంలోకి చూసింది.

శిక్షకురాలు: అప్పుడు మీరేం చేశారు?

యజమాని: జాలేసి డ్రై ఫుడ్ పెట్టాను.

శిక్షకురాలు: అదే నేర్చుకుంది. వద్దంటే మంచిదొస్తుందని. పస్తు పెట్టమని నేననడం లేదు. డ్రై ఫుడ్డే పెట్టండి, వేళకి. దాని మీద ఒక చెంచా కొట్టిన మాంసం, గోరువెచ్చగా, బాగా కలిపి. తింటే రెండు మూడు రోజులకోసారి ఇది పెంచుతూ అది తగ్గిస్తూ రండి. వారం పట్టొచ్చు, నెల పట్టొచ్చు. గిన్నె పెట్టి అవతలికి వెళ్లిపోండి. మీద నిలబడి తిను తిను అంటే తిండి కాస్తా పరీక్ష అయిపోతుంది. 15, 20 నిమిషాల్లో తీసేయండి, తిట్టకుండా, బతిమాలకుండా. మధ్యలో ట్రీట్లు బంద్. విరేచనాలు మొదలైతే ఒక మెట్టు వెనక్కి. వాంతి, నీరసం కనిపిస్తే మాత్రం...

పశువైద్యురాలు: వైద్యుడి దగ్గరికి. తర్వాత గిన్నె, గట్టు, మీ చేతులు సబ్బుతో కడగాలి. మిగిలింది గిన్నెలో వదిలేయకూడదు.

(కార్యక్రమం మొత్తంలో యజమాని కాగితం మీద ఏదైనా రాసుకున్నది ఈ కాసేపే.)

ప్రచారకుడు: నెల రోజులా! నెల రోజులు ఎవరికుందండీ ఓపిక? నేను ఒక్క రోజులో మార్చాను. ఇదంతా బుజ్జగింపు. కుక్కకి నాయకుడు కావాలి, నర్సు కాదు.

శిక్షకురాలు: ఒక్కసారి ఆ తిండితో కడుపునొప్పి వచ్చిందంటే, ఆ వాసన చూస్తే చాలు జన్మలో ముట్టదు. అప్పుడు ఏ నాయకుడూ పనికిరాడు.

ప్రచారకుడు: నా కుక్కలు ముట్టాయి!

మోడరేటర్: ఆయన అనుభవం ఆయనది, కాదనలేం కదా. డాక్టర్ గారూ, ఒక్క మాటలో: కుక్క తోడేలా, కాదా?

పశువైద్యురాలు: ఒక్క మాటలో చెప్పలేను. ఇలా అడగడమే...

మోడరేటర్: డాక్టర్ గారు జవాబు దాటవేస్తున్నారు. సరే, చివరిగా అందరికీ చెరో అర నిమిషం. మీతోనే మొదలు.

ప్రచారకుడు: ధన్యవాదాలు. ప్రజలకి నేను చెప్పేదొక్కటే. భయపెట్టేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. మీ కుక్క దవడ చూడండి, దాని చూపు చూడండి. 80, 10, 5, 5, గుర్తుపెట్టుకోండి. పచ్చిది పెట్టండి, నిలబడండి. తినదు అంటారు, తింటుంది. ఏడుస్తుంది అంటారు, ఏడవనివ్వండి. నా పెద్ద కుక్క బొచ్చు చూస్తే మీరే అడుగుతారు ఏం పెడుతున్నారని. అసలు నేనిది మొదలెట్టిన రోజు...

(ఆ కథ రెండున్నర నిమిషాలు నడిచింది. మోడరేటర్ రెండుసార్లు తలూపారు, ఒక్కసారి కూడా ఆపలేదు.)

మోడరేటర్: చాలా స్పష్టంగా చెప్పారు. సమయం దాదాపు అయిపోయింది. శిక్షకురాలు గారూ, అవునా కాదా అన్నది మాత్రం చెప్పండి.

శిక్షకురాలు: దేనికి అవునండీ?

మోడరేటర్: సరే. సార్, మీరేం నిర్ణయించుకున్నారు? ఇవాళ రాత్రి గిన్నెలో ఏం పెడుతున్నారు?

యజమాని: ఒక చెంచా మాంసం కలిపి చూద్దామని...

ప్రచారకుడు: కలపొద్దు! తమ్ముడూ, కలిపావా, మళ్లీ మొదటికే!

పశువైద్యురాలు: ముందు దాని నోరు చూపించండి. వెనక పైదవడలో పెద్ద పన్ను ఉంటుంది, గట్టి ఎముక కొరికితే అదే ముందు విరిగేది, అది గనక...

మోడరేటర్: ఇక్కడితో ఆపక తప్పదు. అన్ని వైపుల వాదనా మీ ముందుంచాం. నమస్కారం.