ఇసుక దిబ్బ మీద పికప్ ట్రక్కు

హోస్ట్: అన్నా, నాలుగు వందల హార్స్‌పవర్ పికప్ ట్రక్కును తారు రోడ్డు మీద నడపాలన్నా నాకు టెన్షనే. మీరేమో దాన్ని ఇసుకలోకి దింపుతారు. ఏముందన్నా అందులో?

అతిథి: దిగితే గానీ తెలియదు తమ్ముడూ. ముందు టైర్లలో గాలి తీస్తాను. రోడ్డు మీద 35 పీఎస్‌ఐ ఉంటే, మెత్తటి ఇసుకకి 18 దాకా తగ్గిస్తాను. వాల్వ్ దగ్గర కూర్చుంటే బుస్సుమంటూ గాలి పోతుంటుంది, టైరు అడుగున కాస్త ఉబ్బుతుంది. ఆ చప్పుడు వింటే చాలు, నాకు పండగే.

హోస్ట్: గాలి తగ్గితే ఏమవుతుంది?

అతిథి: టైరు నేలకు ఆనే మేర పెరుగుతుంది, బరువు పరుచుకుంటుంది. మొదటిసారి నేనా పని చేయలేదు. బండి ఆగిపోయిందని యాక్సిలరేటర్ ఇంకా తొక్కాను. చక్రాలు అక్కడే తిరిగి తిరిగి గొయ్యి తవ్వేశాయి. ఛాసిస్ ఇసుకకు తగిలిపోయింది. పారతో తవ్వి బయటికి తీసేసరికి రెండు గంటలు.

హోస్ట్: మరి అంత పవర్ ఎందుకు?

అతిథి: దిబ్బ ఎక్కేటప్పుడు తెలుస్తుంది. ఇసుక చక్రాల్ని పట్టి వెనక్కి లాగుతూనే ఉంటుంది. కింద నుంచే ఊపుతో వెళ్ళాలి, మధ్యలో తగ్గిందా, అక్కడే ఆగిపోతాం. పెద్ద ఇంజిన్ ఉంటే కాలు కాస్త నొక్కగానే వెనక నుంచి ఎవరో నెట్టినట్టు బండి పైకి లేస్తుంది. అద్దంలోంచి బానెట్, ఆకాశం, అంతే! నేల కనిపించదు. అందుకే ముందే నడిచి వెళ్ళి అవతల ఏముందో చూసి వస్తాను. శిఖరం దగ్గర కాలు తీసేస్తే బండి మెల్లగా ముందుకు వాలుతుంది. ఆ ఒక్క క్షణం కోసం ఎంత దూరమైనా వెళ్తాను.

హోస్ట్: రాళ్ళ దారిలో?

అతిథి: అక్కడ మనిషి నడిచే వేగం చాలు. ఫోర్ లో, అంటే నాలుగు చక్రాలూ తక్కువ వేగంతో, ఎక్కువ బలంతో తిరిగే గేరులో పెడితే చక్రాలకు అందే బలం రెండింతలు దాటుతుంది. ఒక చక్రం గాల్లోకి లేచినప్పుడు మామూలు డిఫరెన్షియల్ (ఇరుసు మీది రెండు చక్రాలకూ బలం పంచే గేర్ల పెట్టె) అయితే అదే ఉత్తినే తిరుగుతుంది. ఆ రెండు చక్రాల్నీ జతగా బిగించే లాకర్ స్విచ్ నొక్కితే రెండూ కలిసి తిరుగుతాయి, బండి కదులుతుంది.

ఇంకోటి చెప్పాలి. 2010 మోడల్ ఫోర్డ్ రాప్టర్ పికప్ మొదటి ఇంజిన్ బలం 310 హార్స్‌పవరే. 2021లో వచ్చిన రామ్ టీఆర్‌ఎక్స్‌ది 702. అయినా ఎడారిలో రాప్టర్‌కు పేరొచ్చింది ఎందుకు? ఫ్యాక్టరీ నుంచే బిగించి వచ్చిన ఫాక్స్ షాక్ అబ్జార్బర్ల వల్ల. గుంతల మీద వేగంగా పోతున్నా చక్రం నేలను వదలకపోతేనే కదా ఇంజిన్ బలం పనికొచ్చేది! నన్నడిగితే డబ్బు ముందు అక్కడే పెట్టాలి.

హోస్ట్: ఈసారి నన్నూ తీసుకెళ్ళన్నా. కాసేపు నడుపుతాను.

అతిథి: తప్పకుండా రా. ఒకటే జాగ్రత్త, బొటనవేళ్ళు స్టీరింగ్ లోపలికి పెట్టకు. ముందు చక్రం రాయికి కొట్టుకుంటే స్టీరింగ్ గిర్రున తిరిగి వేలు విరుగుతుంది. బయటి అంచు మీదే ఉంచు.