పుట్టిన బిడ్డకి మొదటిసారి నీళ్ళు పోయడం: ఎప్పుడు, ఎలా, ఏం చెయ్యకూడదు

విజువల్: పొత్తిళ్ళలో బిడ్డ ముఖం, దగ్గరగా.

నమస్తే అండీ. కాన్పయిన గంటలోపే ఇంట్లో పెద్దవాళ్ళు అడిగే మాట, "బిడ్డకి నీళ్ళు పోశారా?" నర్సు ఇంకా లేదంటే అమ్మమ్మ ముఖం చిన్నబోతుంది. పెద్ద ఆసుపత్రి అన్నారు, బిడ్డని శుభ్రం కూడా చెయ్యలేదేంటి అని. ఆ అమ్మమ్మ కోసమూ, రేపో మాపో ఇంటికెళ్ళి మొదటిసారి చేతులు వణుకుతూ బిడ్డని పట్టుకోబోయే ఆ బాలింత కోసమూ ఈ వీడియో.

ముందు అసలు విషయం చెప్పేస్తాను. నెలలు నిండి ఆరోగ్యంగా పుట్టిన బిడ్డకి కనీసం 24 గంటలు నీళ్ళు పోయకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది ఇదే. కాబట్టి నర్సు నీళ్ళు పోయలేదంటే అది నిర్లక్ష్యం కాదు, కావాలనే ఆపారు.

విజువల్: బిడ్డ భుజం, చంక దగ్గర తెల్లటి పూత.

ఎందుకంటారా? బిడ్డ పుట్టినప్పుడు ఒంటి మీద, ముఖ్యంగా చంకల్లో, గజ్జల్లో, వీపు మీద వెన్న రాసినట్టు తెల్లటి పూత ఉంటుంది. దాన్ని వెర్నిక్స్ అంటారు. చూడగానే మనకి మురికిలా అనిపిస్తుంది, రుద్ది తీసెయ్యాలనిపిస్తుంది. కానీ కడుపులో నెలల తరబడి ఉమ్మనీటిలో ఉన్న చర్మాన్ని కాపాడింది ఆ పూతే, బయటికి వచ్చాక చర్మం ఎండిపోకుండా చూసేదీ, క్రిముల్ని అడ్డుకునేదీ కూడా అదే. దానంతట అదే చర్మంలోకి ఇంకిపోతుంది, వదిలెయ్యండి. పుట్టగానే అంటుకున్న రక్తం, ఉమ్మనీరు పొడిబట్టతో తుడిచేస్తారు, ఆ రోజుకి ఆ శుభ్రం చాలు. (అమ్మకి హెచ్ఐవీ గానీ హెపటైటిస్ బీ గానీ ఉంటే మాత్రం డాక్టర్లు ముందే కడిగించొచ్చు, అది వాళ్ళు చూసుకుంటారు.)

రెండో కారణం ఇంకా పెద్దది, చలి. మనకి చలేస్తే ఒళ్ళు వణుకుతుంది, ఆ వణుకుతోనే వేడి పుడుతుంది. పురిటి బిడ్డకి అలా వణకడం చేతకాదు. పైగా బరువుతో పోలిస్తే ఒంటి చర్మం మనకంటే చాలా ఎక్కువ, అందులోనూ తల పెద్దది, కాబట్టి తడి ఒంటి మీద గాలి తగిలితే వేడి ఇట్టే పోతుంది. పోయిన వేడిని తిరిగి తెచ్చుకోవడానికి బిడ్డ ఒంట్లో ఉన్న కాస్త కొవ్వునీ, చక్కెరనీ కరిగించుకుంటుంది, రక్తంలో చక్కెర పడిపోతుంది, ఒళ్ళు మత్తుగా అయిపోయి పాలు లాగడం మానేస్తుంది. మొదటి రోజే నీళ్ళు పోసి, సాయంత్రానికి "బిడ్డ రొమ్ము పట్టట్లేదు, డబ్బా పాలు పడదామా" అని కంగారు పడే ఇళ్ళు ఉన్నాయి. ఆ రెండింటికీ సంబంధం ఉండొచ్చని ఎవరికీ తట్టదు. మొదటి రోజు బిడ్డ ఉండాల్సిన చోటు అమ్మ గుండెల మీద, చర్మానికి చర్మం తగిలేలా.

రెండున్నర కిలోల కంటే తక్కువ బరువుతో పుట్టినా, నెలలు నిండకుండా పుట్టినా ఈ 24 గంటల లెక్క వర్తించదు. డాక్టర్ పోయమనేదాకా ఆగాలి, రోజులైనా వారాలైనా సరే.

విజువల్: గిన్నెలో గోరువెచ్చని నీళ్ళు, మెత్తని పాత కాటన్ బట్ట ముక్కలు.

సరే, 24 గంటలు దాటాయి, ఇంటికొచ్చారు. అప్పుడైనా చెంబుతో పొయ్యొచ్చా? బొడ్డు ఊడేదాకా ఒళ్ళు తుడవడమే మేలు. బొడ్డు సాధారణంగా ఒకటి రెండు వారాల్లో ఊడిపోతుంది. ఎంత పొడిగా ఉంటే అంత త్వరగా ఎండుతుంది. దాని మీద పసుపు, బూడిద, కొబ్బరినూనె, పౌడర్ ఏమీ వెయ్యకండి, డైపర్ వాడితే దాన్ని బొడ్డు కిందకి మడిచి కట్టండి, అంతే. మన ఇళ్ళల్లో చాలామంది పదకొండో రోజు పురిటి స్నానం చేయిస్తారు కదా, బొడ్డు ఊడి ఉంటే బిడ్డకి కూడా అదే రోజు మొదటిసారి నీళ్ళు పోస్తే ఆచారమూ నిలుస్తుంది, బిడ్డా బాగుంటుంది. నాకు ఆ పద్ధతి చాలా నచ్చుతుంది.

ఒళ్ళు తుడిచేటప్పుడు బిడ్డని మొత్తం విప్పెయ్యకండి. తువ్వాల్లో చుట్టి ఉంచి, ఏ భాగం తుడుస్తున్నారో ఆ భాగమే బయటికి తీసి, తుడిచి, ఆరబెట్టి మళ్ళీ కప్పెయ్యండి. ముందు కళ్ళు, ముక్కు వైపు నుంచి బయటికి, ఒక్కో కంటికి ఒక్కో బట్ట ముక్క. తర్వాత ముఖం, చెవుల వెనక, మెడ. మెడ దగ్గర కాస్త ఆగండి. గడ్డం కింద మడత విప్పి చూస్తే కారిన పాలు అక్కడ పేరుకుని పుల్లటి వాసన వస్తుంటుంది, ఎర్రగా ఒరుసుకుపోయి కూడా ఉంటుంది. ఇంతా చేసి చాలామంది తుడవకుండా వదిలేసేది ఆ మడతనే. చంకలు, గజ్జలు, పిడికిట్లో వేళ్ళ సందులు కూడా అంతే. పిడికిలి విప్పితే దూది పోగులు బోలెడు ఉంటాయి. ఆడపిల్లకి ఎప్పుడూ ముందు నుంచి వెనక్కే తుడవాలి. మొదటి రోజుల్లో తెల్లగా గానీ, ఒకటి రెండు చుక్కలు ఎర్రగా గానీ కనిపిస్తే భయపడకండి, అమ్మ హార్మోన్ల వల్ల అలా అవుతుంది. మగపిల్లాడికి ముందు చర్మాన్ని వెనక్కి లాగకూడదు.

విజువల్: ఒకావిడ పీట మీద కూర్చుని కాళ్ళు చాపుకుని, కాళ్ళ మీద బిడ్డ.

ఇక అసలు లాల. బొడ్డు ఊడింది, ఆ చోటు ఎండింది. ఫ్యాన్, ఏసీ ఆపేసి, కిటికీలు మూసేసి, తువ్వాళ్ళు, చొక్కా, టోపీ, పొత్తిగుడ్డలు అన్నీ చేతికందేలా ముందే పరుచుకోండి. బిడ్డ కాళ్ళ మీద ఉండగా "ఆ తువ్వాలు ఇటివ్వండి" అని అరవాల్సిన పని రాకూడదు. పాలు తాగిన వెంటనే వద్దు, కక్కుతారు. మరీ ఆకలి మీద ఉన్నప్పుడూ వద్దు, ఇల్లెగిరిపోయేలా ఏడుస్తారు. చలికాలంలో ఎండ కాస్త ఎక్కాక, అంటే పదీ పదకొండు గంటలప్పుడు పోయండి. ఆదిలాబాద్‌లో డిసెంబర్ వేరు, రెంటచింతలలో మే వేరు, కాబట్టి పక్కింటివాళ్ళు ఎన్నింటికి పోస్తున్నారని కాదు, మీ గది ఎంత వెచ్చగా ఉందన్నది చూసుకోండి.

నీళ్ళు. బకెట్‌లో ముందు చన్నీళ్ళు పోసి, తర్వాత వేడినీళ్ళు కలపండి, చేత్తో అడుగుదాకా బాగా కలియబెట్టండి, పైన గోరువెచ్చగా ఉండి అడుగున కాలిపోతుండొచ్చు. వేడి చూడాల్సింది అరచేత్తో కాదు, మోచేత్తో. రోజూ వంట చేసే చేతికి వేడి అలవాటైపోయి ఉంటుంది, మోచేతి లోపలి చర్మం పల్చన, అది అబద్ధం చెప్పదు. అక్కడ వెచ్చగా తెలియాలి, చురుక్కుమనకూడదు. థర్మామీటర్ ఉంటే 37, 38 డిగ్రీల దగ్గర సరిపోతుంది. ఇక్కడ కాస్త గట్టిగానే చెప్పాలి: "వేడివేడిగా పోస్తేనే ఒళ్ళు నొప్పులు పోతాయి, బాగా నిద్రపోతాడు" అని పొగలు కక్కే నీళ్ళు పోస్తారు, బిడ్డ ఎర్రగా కందిపోయి ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లి పడుకుంటే హాయిగా నిద్రపోయాడంటారు. అది హాయి కాదండీ, అలసట. గీజర్ నుంచి నేరుగా వచ్చే 60 డిగ్రీల నీళ్ళు కొన్ని క్షణాల్లో చర్మాన్ని కాల్చేస్తాయి. కుళాయి కింద బిడ్డని ఎప్పుడూ పెట్టకండి.

కాళ్ళ మీద పడుకోబెట్టి పోసే మన పద్ధతి మంచిదే, మానక్కర్లేదు. టబ్‌లోలా నీళ్ళు నిలవవు కాబట్టి మునిగే భయం లేదు, బిడ్డ మీద పడే ప్రతి చెంబూ పోసేవాళ్ళ కాళ్ళ మీద కూడా పడుతుంది కాబట్టి వేడెక్కువైతే ముందు వాళ్ళకే తెలుస్తుంది. తరాలుగా ఈ పని చేసిన ఆడవాళ్ళు కనిపెట్టిన ఉపాయం ఇది, ఏ కంపెనీ బాత్‌సీటులోనూ ఇంత తెలివి లేదని నా నమ్మకం.

చిన్న పీట మీద కూర్చుని కాళ్ళు రెండూ దగ్గరగా చాపండి. బిడ్డ తల మీ పాదాల వైపు, కాళ్ళు మీ పొట్ట వైపు, వెల్లకిలా. ముందు ముఖం తడిబట్టతో తుడిచేసుకోండి, ముఖం మీద నీళ్ళు పోయకూడదు. తర్వాత ఛాతీ, పొట్ట, కాళ్ళు, సన్నటి ధారగా, పక్కల నుంచి జారేలా. ఒక చెయ్యి ఎప్పుడూ బిడ్డ మీదే ఉండాలి, నూనె రాసి ఉంటే ఒళ్ళు జారిపోతుంది. వీపుకి పోసేటప్పుడు బోర్లా తిప్పి, ముక్కు, నోరు మీ కాళ్ళకి ఆనకుండా చూసుకోండి. తల అన్నిటికంటే ఆఖర్న, నుదుటి మీద చెయ్యి అడ్డం పెట్టి, రెండు మూడు చెంబులు. తల ముందే తడిపితే అయ్యేదాకా చలే. మొత్తం ఐదు నిమిషాల్లో అయిపోవాలి. సబ్బు అవసరమే లేదు, వాడితే ఆఖర్న కాస్త. సున్నిపిండి మొదటి నెలల్లో వద్దు. నూగు పోవాలని పిండితో రుద్దుతారు కానీ, ఆ నూగు కొన్ని వారాల్లో దానంతట అదే రాలిపోతుంది, పిండి పలుకులు మాత్రం మడతల్లో ఇరుక్కుని పుండు చేస్తాయి.

అమెరికాలోనో, ఇంగ్లండ్‌లోనో ఉండి కాన్పుకి అమ్మని పిలిపించుకున్నవాళ్ళకి బాత్రూంలో నేల మీద నీళ్ళు పోయే వీలు ఉండదు. బేబీ టబ్‌లో రెండు మూడు అంగుళాల నీళ్ళు చాలు, మెడ కింద మీ ముంజేయి, బిడ్డ అవతలి భుజాన్ని మీ వేళ్ళు పట్టుకుని ఉండాలి. ఫోన్ మోగినా, బెల్ మోగినా బిడ్డని టబ్‌లో వదిలి లేవకూడదు.

విజువల్: నూనె గిన్నె, సాంబ్రాణి పొగ, కాటుక డబ్బీ.

ఇప్పుడు ఇంట్లో గొడవలయ్యే భాగం. నీళ్ళు పోసే ఆవిడ చేతులకి ఎంత నేర్పున్నా కొన్ని పనులు ఆపించాలి. ముక్కులో, చెవుల్లో నూనె చుక్కలు వెయ్యడం: ముక్కులో వేసిన నూనె ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా వస్తుంది. నోట్లో వేలు పెట్టి కఫం తియ్యడం, ముక్కులో ఊదడం కూడా వద్దు. రొమ్ములు పిండటం: పుట్టిన బిడ్డకి, మగైనా ఆడైనా, అమ్మ హార్మోన్ల వల్ల రొమ్ములు కాస్త ఉబ్బి ఒక్కోసారి పాలు కూడా వస్తాయి, ముట్టుకోకుండా ఉంటే వారాల్లో తగ్గిపోతుంది, పిండితే చీము పడుతుంది. తల, ముక్కు నొక్కి ఆకారం తేవడం: కాన్పులో సాగిన తల కొద్ది రోజుల్లో దానంతట అదే సర్దుకుంటుంది. మాడు మీద ఆముదం పల్చగా రాస్తే రాయనివ్వండి, దాంతో మాడు పూడదు, ఏడాదిన్నర లోపు దానంతట అదే మూసుకుంటుంది, నొక్కకుండా ఉంటే చాలు.

సాంబ్రాణి నాకూ ఇష్టమైన వాసనే. కానీ ఆ చిన్న ఊపిరితిత్తులకి పొగ పొగే, పక్కన నిప్పులు కూడా. జలుబు చెయ్యకూడదనే కదా వేస్తారు, తల పొడితువ్వాలుతో అద్ది ఆరబెడితే ఆ పని అయిపోతుంది. కాటుక కంట్లో వద్దు, కొన్నింట్లో సీసం ఉంటుంది. దిష్టిచుక్క పెట్టాలంటే అరికాల్లో పెట్టండి.

ఇవన్నీ అత్తగారితోనో అమ్మమ్మతోనో అనేటప్పుడు "మీకు తెలీదు" అని మొదలుపెట్టకండి. "అత్తయ్యా, కాళ్ళ మీద మీరే పోయండి, నాకు రాదు, ముక్కులో నూనె మాత్రం డాక్టర్ గారు వద్దన్నారు" అంటే చాలావరకు సాగుతుంది. ఆఖరి చెంబు తిప్పి పోస్తూ "శ్రీరామరక్ష, నూరేళ్ళ ఆయుష్షు" అనే ఇళ్ళు ఉన్నాయి, అననివ్వండి, దాంతో బిడ్డకి ఏ నష్టమూ లేదు.

విజువల్: తువ్వాల్లో చుట్టిన బిడ్డ, టోపీ, పాదాలు దగ్గరగా.

పోయడం అవగానే వెంటనే తువ్వాల్లో చుట్టి, రుద్దకుండా అద్దుతూ తుడవండి, ముందు తల. మడతల్లో తడి ఉండకూడదు. బట్టలు వేసి, టోపీ పెట్టి అమ్మ దగ్గర పడుకోబెట్టి పాలు పట్టించండి. ఎండాకాలంలో మళ్ళీ స్వెట్టర్లు, దుప్పట్లు కప్పి ఉడికించకండి, పల్చటి చొక్కా చాలు. కాసేపయ్యాక మీ చేతి వెనక భాగంతో ముందు పొట్ట, తర్వాత అరికాలు తాకి చూడండి. రెండూ వెచ్చగా ఉంటే బాగున్నట్టే. పొట్ట వెచ్చగా, పాదాలు చల్లగా ఉంటే చలేస్తోంది, అమ్మ ఒంటికి ఆనించి కప్పండి. పొట్ట కూడా చల్లగా ఉందంటే ఒంటికి ఆనించుకునే ఆసుపత్రికి బయల్దేరండి.

రోజూ పోయి తీరాలనేం లేదు, చలికాలంలో రోజు విడిచి రోజు పోసినా చాలు. కానీ పోసిన రోజు బిడ్డని వెలుతుర్లో ఒళ్ళంతా చూడండి, ఆ అవకాశం మళ్ళీ దొరకదు. నడుము కింద నీలం మచ్చలుంటే అవి దెబ్బలు కావు, మన పిల్లల్లో చాలామందికి ఉంటాయి, పెరిగేకొద్దీ పోతాయి. రెండో వారంలో చర్మం పొరలుగా ఊడినా మామూలే. అరచేతులు, అరికాళ్ళ దాకా పచ్చబడ్డా, మొదటి రోజే పసుపు కనిపించినా, బొడ్డు చుట్టూ ఎర్రబడి చీము, వాసన వచ్చినా, ఒంటి మీద చీముపొక్కులు లేచినా అదే రోజు డాక్టర్‌కి చూపించాలి. బిడ్డ పాలు మానేసి మత్తుగా పడి ఉన్నా, ఎగఊపిరి తీస్తున్నా తెల్లారేదాకా ఆగకండి, 108కి ఫోన్ చెయ్యండి. ఆశా కార్యకర్త మూడు, ఏడు, పద్నాలుగు, ఇరవై ఒకటి, ఇరవై ఎనిమిది, నలభై రెండో రోజుల్లో ఇంటికి రావాలి. వచ్చినప్పుడు బరువు తూయించి, మొదటిసారి నీళ్ళు పోయడానికి మీకు ధైర్యం చాలకపోతే ఆవిణ్ణే పక్కన కూర్చోమని అడగండి.