మిగిలిన ముక్కలు, కొత్త చేతులు

చిన్ని: నమస్కారమండీ. బాబాయ్, మైకు దగ్గరికి జరుగు. ఇవాళ్టి విషయం ముందే చెప్పేస్తున్నాను. లేత్ మీద, అంటే చెక్కని తిప్పుతూ చెక్కే యంత్రం మీద, పెన్నులు చేసేవాళ్ల దగ్గర చిన్న చిన్న చెక్క ముక్కలు మిగిలిపోతాయి కదా, పెన్నుకి సరిపడా కోసిన ఆ ముక్కల్ని, అదే బ్లాంకుల్ని, కొత్తగా నేర్చుకునేవాళ్లకి ఎలా పంచాలి అని.

బాబాయ్: నీలం డబ్బా తెచ్చావా?

చిన్ని: తెచ్చాను. తాళం కూడా తెచ్చాను.

బాబాయ్: అందులో ఒక్క ముక్క మీదైనా పేరు రాసి ఉందా?

చిన్ని: అప్పుడే మొదలైందా!

బాబాయ్: ఎప్పుడైనా అడగాల్సిందే. ఏ చెట్టు, ఏ ఊరిది, ఎప్పుడు కోశారు. పెన్సిల్‌తో రాయడానికి ఎంతసేపు పడుతుంది?

చిన్ని: రాద్దాం. ముందు కొలతలు చెప్పనీ. స్లిమ్‌లైన్ అనే మామూలు సన్నటి పెన్నుకి బ్లాంకు ముప్పావు అంగుళం చదరం, 5 అంగుళాల పొడవు. కానీ లోపల కూర్చునేవి రెండు ఇత్తడి ట్యూబులే. 7 మిల్లీమీటర్ల లావు, ఒక్కోటి 53 మిల్లీమీటర్ల పొడవు. అంటే 60 మిల్లీమీటర్ల ముక్క ఉన్నా సగం పెన్ను వస్తుంది. పైభాగం టేకు, కిందిది చింత, అలా రెండు రకాలు కలిపినా బాగుంటుంది. అందుకే పెద్ద ఫౌంటెన్ పెన్నులు చేసినప్పుడు మిగిలే కొసల్ని పొయ్యిలో పెట్టకండి.

బాబాయ్: చింత బాగా గట్టిది. డ్రిల్ బిట్ మొద్దుబారి ఉంటే కాలిపోతుంది, చివర పగులుతుంది. మధ్య మధ్యలో బిట్ బయటికి లాగి పొట్టు దులపాలి.

చిన్ని: అవును. ఇక మన బెంగళూరు వైట్‌ఫీల్డ్ నుంచి ఒకాయన రాశారు. కడప దగ్గర వాళ్ల తాతగారి పాత ఇల్లు పడగొడితే ఎర్రచందనం ముక్క ఒకటి దొరికిందట. "బ్లాంకులుగా కోసి కొత్తవాళ్లకి ఉచితంగా పంచుదామనుకుంటున్నాను" అంటున్నారు. ఎంత మంచి మనసో చూడు.

బాబాయ్: వద్దని చెప్పు.

చిన్ని: అదేంటి, పూర్తిగా వినకుండానే?

బాబాయ్: విన్నాను. కోయొద్దు, ఇక్కడికి తేవొద్దు, పంచొద్దు.

చిన్ని: పాత ఇంటి చెక్క బాబాయ్. దానికోసం ఆయన చెట్టేం నరకలేదు.

బాబాయ్: ఆ సంగతి ఆయనకి తెలుసు. ఆ ముక్కకి తెలుసా? 5 అంగుళాలకి కోశాక, యాభై ఏళ్ల కిందటి దూలానిదో, నిన్న రాత్రి శేషాచలంలో కొట్టిందో ఎవరు చెప్పగలరు? శేషాచలం, పాలకొండ, లంకమల, వెలిగొండ, ఈ కొండల్లో తప్ప ఆ చెట్టు తనంతట తాను పెరిగే చోటు లోకంలో ఇంకెక్కడా లేదనే చెప్పాలి. అరుదైన మొక్కలు, జంతువుల వ్యాపారాన్ని కట్టడి చేసే సైటీస్ అనే అంతర్జాతీయ ఒప్పందం ఉంది కదా, 1995 నుంచి ఆ జాబితాలో ఉంది. దేశం దాటాలంటే ఆ కాగితాలు కావాలి, మన దగ్గర రోడ్డెక్కించాలన్నా అటవీశాఖ అనుమతి కావాలి.

చిన్ని: పెన్నంత ముక్క కోసం ఎవరొచ్చి అడుగుతారు?

బాబాయ్: అడిగితే చెప్పాల్సింది ఎవరు? ఆ కొత్త కుర్రాడు. పెద్దాయన ప్రేమగా ఇచ్చాడు, తీసుకున్నాడు. పెన్ను చేసి అమెరికాలో ఉన్న అక్కకి పంపిస్తాడు. విమానాశ్రయంలో ఆపితే ఏం చెప్తాడు? మనమిచ్చిన బహుమతి వాడి మెడకి చుట్టుకోకూడదు.

చిన్ని: సరే, అది ఒప్పుకుంటాను. కానీ ఆ చెక్క అందం... నీళ్లలో వేస్తే మునిగిపోయేంత బరువు, అలలు అలలుగా చారలు...

బాబాయ్: ఆ అలల కోసమే దాన్ని అంతలా కొట్టేశారు. జపాన్‌లో షామిసెన్ అనే తీగల వాయిద్యానికి మెడ దాంతో కూడా చేస్తారు. నేను పుట్టింది రాజంపేట పక్కన. కూలి డబ్బులు ఎక్కువొస్తాయని దుంగలు మోయడానికి అడవిలోకి పోయి, కేసుల్లో ఇరుక్కుని, పొలాలు అమ్ముకున్నవాళ్లని చూశాను చిన్నీ. దుంగ అమ్మినవాడు బాగానే ఉన్నాడు. మోసినవాడే పోయాడు. నా లేత్ మీద మాత్రం అది ఎక్కదు.

చిన్ని: ...మరి ఆయనకి ఏం రాయను?

బాబాయ్: ముక్కని ఎక్కడుందో అక్కడే ఉంచి, రంపం పెట్టకముందే అటవీశాఖ ఆఫీసుకి వెళ్లి అడగమను. ఇంటి పాత ఫొటోలో, కాగితాలో ఉంటే తీసుకెళ్లమను. వాళ్లు సరేనంటే ఆయనిష్టం.

చిన్ని: ఎర్ర పెన్నే కావాలని ఎవరైనా అంటే?

బాబాయ్: పడాక్ అనే ఎర్ర చెక్క ఉంది. ఎర్రచందనానికి దగ్గరి చుట్టమే. మైసూరు రోడ్డు టింబర్ దుకాణాల్లో అడగాలి, బిల్లు తీసుకోవాలి. వేగిస కూడా ఆ కుటుంబమే, ఇక్కడ కన్నడలో హొన్నె అంటారు. ఎరుపు కాదు, తేనె రంగు. దాని పొట్టు నీళ్లలో వేసి ఎండలో పెడితే నీలంగా మెరుస్తుంది. పిల్లలకి చూపించాలి, ఎంత సంతోషపడతారో! అయితే ముక్క మీద వేగిస అని రాసి ఉంటేనే...

చిన్ని: రాస్తాను బాబాయ్! ఇప్పుడు నా మాట విను. కొత్తవాళ్లకి ఇవ్వడమంటే మనకి పనికిరానివి వదిలించుకోవడమా? నాకు కోపం వచ్చేది అక్కడే. పగుళ్లున్నవి, పురుగు తిన్నవి, పచ్చివి సంచిలో పోసి "నేర్చుకోండి" అంటారు. వాళ్లకి చెక్క పగిలితే తమ చేతిదే తప్పనుకుంటారు. ఉలి సరిగ్గా పట్టలేదేమో అని మానేసినవాళ్లు నాకు తెలుసు. చెక్క పచ్చిదని వాళ్లకి ఎవరూ చెప్పలేదు.

బాబాయ్: అది నిజం. మే నెల వానలకి రోడ్ల మీద పడిన గుల్‌మొహర్ కొమ్మలే కదా అందరూ పట్టుకొచ్చేది.

చిన్ని: తెచ్చుకోవచ్చు, అడిగి తెచ్చుకోవాలి. కోసి, రెండు చివర్లా కొవ్వొత్తి మైనం పూసి, నీడలో పెట్టాలి. వంటింటి త్రాసు మీద వారానికోసారి తూచి బరువు రాసుకోవాలి. తగ్గడం ఆగిందంటే ఆరినట్టు. అప్పుడే ఇవ్వాలి. నా లెక్కలో మొదటి పెన్నుకి మన దగ్గరున్న వాటిలో మంచి ముక్కే ఇవ్వాలి.

బాబాయ్: రోజ్‌వుడ్ ఇస్తావా?

చిన్ని: ఇస్తాను.

బాబాయ్: ఇవ్వకు. ఖరీదని కాదు. ఆ పొట్టు కొందరికి పడదు, ఒళ్లు దద్దుర్లొస్తాయి, ఊపిరాడదు. మాస్క్ అలవాటు కానివాళ్ల చేతికి అది మొదటే వద్దు. ముక్క మీద పేరు లేకపోతే డాక్టరుకి కూడా ఏం చెప్పుకోలేరు.

చిన్ని: మళ్లీ పేరు దగ్గరికే వచ్చావు. పోనీ, నువ్వేమిస్తావు?

బాబాయ్: అంకుడు. ఏటికొప్పాకలో లక్క బొమ్మలు చేసేది దాంతోనే, చన్నపట్నంలోనూ అదే చెట్టు. తెల్లగా, మెత్తగా, ఉలికి వెన్నలా లొంగుతుంది. పైగా జిగురు ట్యూబు, పాలిష్ సీసా అక్కర్లేదు. తిరుగుతున్న చెక్కకి లక్క కడ్డీ ఆనిస్తే రాపిడి వేడికే కరిగి పట్టేస్తుంది. మీద మొగలి ఆకు ఒత్తి పడితే మెరుపొస్తుంది. చన్నపట్నంలో ఆ ఆకు పట్టేవాళ్ల వేళ్లు చూడాలి నువ్వు.

చిన్ని: ట్యూబు అతికించడానికి జిగురు కావాలిగా?

బాబాయ్: దానికి కావాలి. ముందు ఇత్తడిని గరుకు కాగితంతో రుద్దాలి, లేకపోతే పట్టదు. నేనన్నది పై మెరుపుకి.

చిన్ని: సరే, పంపకం సంగతి గబగబా. ఆరినవే, చదరంగా కోసి, పేరు రాసి, మనిషికి నాలుగు. మెత్తవి రెండు, గట్టివి రెండు. నీలం డబ్బాలో పేరు తెలియనివన్నీ పక్కన పెట్టేస్తున్నాం, అవి ఎవరికీ ఇవ్వం. మరి అంకుడు మన దగ్గర లేదే?

బాబాయ్: ఆదివారం చన్నపట్నం వెళ్దాం.

చిన్ని: ఆదివారం మైసూరు రోడ్డు మీదా? నావల్ల కాదు.

బాబాయ్: రైల్లో వెళ్దాం. పొద్దున్నే ఎక్కితే ఎండెక్కేలోపు అక్కడుంటాం.

చిన్ని: చెక్కలు మోసుకుంటూ రైల్లో?

బాబాయ్: బిల్లు ఉంటుందిగా. గోనెసంచి నేను పట్టుకుంటాను.

చిన్ని: వచ్చేవాళ్లు ఎవరైనా ఉంటే మెసేజ్ పెట్టండి. ఆపుతున్నాను బాబాయ్, పెన్సిల్ ఇటివ్వు.