టీబీ మందులు వాడుతుండగా గడ్డ పెరిగితే: ఫోన్-ఇన్

వ్యాఖ్యాత: చంద్రగిరి నుంచి ఒకమ్మ లైన్లో ఉన్నారు. చెప్పండమ్మా.

శ్రోత: నమస్కారం సార్. మా తమ్ముడికి మెడ గడ్డ టీబీ. రెండు నెల్లుగా బిళ్ళలు మింగతా ఉండాడు. మొదట కరిగింది, ఇప్పుడు ముందుకన్నా పెద్దదయింది. మందు పని చెయ్యలేదని నిన్న ఆపేసినాడు.

డాక్టర్: ఈ రోజే మళ్ళీ మింగించండమ్మా. ఆకలి, బరువు ఎట్లున్నాయి?

శ్రోత: బాగా తింటా ఉండాడు. 46 కేజీలుండేవాడు, 52 అయినాడు.

డాక్టర్: అయితే మందు పనిచేస్తున్నట్టే ఉంది. జబ్బుతో అణగిపోయిన రోగనిరోధక శక్తి ఇప్పుడు లేచి, చచ్చిన క్రిముల ముక్కల మీద పడుతుంది. దాంతో గడ్డ వాస్తుంది, ఒక్కోసారి పక్కన కొత్తది కూడా లేస్తుంది. మెడ గడ్డల్లో ఇది తరచూ చూస్తాం. కానీ ఊహించి వదిలేయకూడదు, మందుకు లొంగని టీబీ కూడా ఇట్లే కనిపిస్తుంది. తిరుపతి రుయా ఆసుపత్రికి తీసుకెళ్ళండి. సూదితో చీము తీసి, క్రిమి జన్యువును పట్టే సీబీనాట్‌కూ, క్రిమిని పెంచి చూసే కల్చర్‌కూ పంపాలి. సీబీనాట్ చచ్చిన క్రిములకూ పాజిటివ్ చూపిస్తుంది, అది చూసి బెదరొద్దు. అందులో టీబీ ముఖ్య మందు రిఫాంపిసిన్‌కు క్రిమి లొంగుతుందో లేదో చూడాలి. బతికిన క్రిమి ఉందో లేదో కల్చరే చెబుతుంది, దానికి ఆరు వారాల దాకా పట్టొచ్చు. రోజుకు ఎన్ని బిళ్ళలు?

శ్రోత: మూడు సార్.

డాక్టర్: 35 నుంచి 49 కేజీలకు మూడు, 50 నుంచి 64కి నాలుగు. బరువు పెరిగిందని సెంటర్లో చెప్పండి, మీరుగా పెంచొద్దు.

శ్రోత: పసరు కట్టు వేయమంటున్నారు సార్. కోయించేదా?

డాక్టర్: రెండూ వద్దు. కోస్తే పుండు మానక నెలల తరబడి కారుతుంది. వాపు మరీ ఎక్కువైతే దాన్ని తగ్గించే స్టెరాయిడ్ ఇస్తాం, అదీ మందుకు లొంగని టీబీ కాదని తేలాకే. రిఫాంపిసిన్ ఆ స్టెరాయిడ్ బలాన్ని తగ్గిస్తుంది, కాబట్టి మోతాదు మేమే లెక్క కట్టాలి. దుకాణంలో కొనకండి. ఊపిరాడకపోయినా, మింగుడు పడకపోయినా, తలనొప్పితో వాంతులైనా వెంటనే ఆసుపత్రికి. కళ్ళు పచ్చబడితే మాత్రం అది వేరే, మందుకు కాలేయం దెబ్బతింటోందని. అప్పుడొక్కటే బిళ్ళలు ఆపి, ఆ రోజే రండి.

వ్యాఖ్యాత: పుత్తూరు నుంచి ఇంకొకరు. టీబీతో పాటు హెచ్ఐవీ కూడా ఉందట, ఆ జబ్బు మందులైన ఏఆర్‌టీ మొదలైన మూడో వారంలో జ్వరం తిరగబెట్టింది.

డాక్టర్: ఇదీ అదే కోవ. రోగనిరోధక కణాల లెక్క, అంటే సీడీ4, వందలోపుంటే ఇది ఎక్కువ. అట్లని ఏఆర్‌టీ వాయిదా వేయం, టీబీ మందు మొదలైన రెండు వారాల్లోపే ఇస్తాం. మెదడు పొరల టీబీకి మాత్రం కనీసం నాలుగు వారాలు ఆగుతాం. మీరు ఏదీ ఆపొద్దు. రిఫాంపిసిన్ వాడినంత కాలం హెచ్ఐవీ మందు డోలుటెగ్రావిర్ 50 మిల్లీగ్రాములు ఉదయం ఒకటి, రాత్రి ఒకటి పడాలి. మీకు రోజుకు ఒకటే రాశారేమో చీటీ చూడండి. ఒకటే ఉంటే రేపే ఏఆర్‌టీ కేంద్రంలో చూపించండి.