పెద్దయితే అదే పోతుందా? టీనేజ్ పిల్లల ఫోబియాల గురించి

నమస్తే అండి. మన ఇళ్లలో పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లలు దేనికైనా విపరీతంగా భయపడుతుంటే పెద్దవాళ్ల దగ్గర మాటలు ముందే సిద్ధంగా ఉంటాయి. ఆడపిల్ల అయితే "అది చిన్నప్పట్నుంచీ అంతేలే, పిరికిది" అంటారు. మగపిల్లాడైతే "మగాడివై ఉండి బొద్దింకకి భయపడతావేంట్రా" అంటారు. ఆ తర్వాత ఇద్దరికీ కలిపి ఒకటే మాట, పెద్దయితే అదే పోతుందిలే అని. ఈ వీడియో ఆ మాట గురించే. కొంతమంది పిల్లల విషయంలో అది నిజమే, కొంతమంది విషయంలో మాత్రం ఆ మాట నమ్ముకుని కూర్చుంటే నాలుగైదేళ్లు ఊరికే పోతాయి.

మొదట ఒకటి తేల్చుకుందాం. కుక్క మీదికొస్తే భయపడటం ఫోబియా కాదు, అది ఎవరికైనా ఉంటుంది. ఆ వీధిలో కుక్క ఉంటుందేమో అని ట్యూషన్ మానేయడం, స్నేహితుల ఇంటికి వెళ్లకపోవడం, ఇంకో కిలోమీటర్ చుట్టూ తిరిగి బడికెళ్లడం, ఇదంతా ఆరు నెలలు పైబడి సాగడం, అప్పుడు దాన్ని ఫోబియాగా చూడాలి. అంటే భయం ఎంత పెద్దదన్నదే కాదండి, ఆ భయం వల్ల పిల్లలు ఏమేం వదులుకుంటున్నారన్నది చూడాలి.

అమెరికాలో 2001 నుంచి 2004 వరకు 13 నుంచి 18 ఏళ్ల పిల్లలు 10,123 మందితో ఒక పెద్ద సర్వే చేశారు. జంతువులు, ఎత్తులు, ఇంజెక్షన్లు, ఇలా ఏదో ఒక ప్రత్యేకమైన ఫోబియా ఎప్పుడో ఒకప్పుడు ఉన్నవాళ్లు నూటికి 19 మంది తేలారు. ఆడపిల్లల్లో దాదాపు 22, మగపిల్లల్లో 17 దగ్గర. అయితే దానివల్ల జీవితం తీవ్రంగా దెబ్బతిన్నవాళ్లు నూటికి ఒక్కరు కూడా లేరు. నలుగురిలోకి వెళ్లాలంటే, మాట్లాడాలంటే భయపడే సోషల్ ఫోబియా నూటికి 9 మందిలో కనిపించింది, అంటే అందులో సగం కూడా లేదు. కానీ తీవ్రంగా దెబ్బతిన్నవాళ్ల లెక్క తీస్తే ఇక్కడే ఎక్కువ మంది ఉన్నారు. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

ఇప్పుడు వయసు సంగతి. స్వీడన్‌లో లార్స్ గోరన్ ఓస్ట్ అనే సైకాలజిస్ట్ ఫోబియాలకు చికిత్స తీసుకుంటున్నవాళ్లను అది ఏ వయసులో మొదలైందో అడిగి, 1987లో ఆ వివరాలు ప్రచురించారు. సగటున చూస్తే జంతువుల భయం 7 ఏళ్లకు, రక్తం అంటే భయం 9 ఏళ్లకు, పళ్ల డాక్టర్ భయం 12కి, సోషల్ ఫోబియా 16కి. అంటే ఒక్కో భయానికీ ఒక్కో వయసుంది. ఐదేళ్ల పాపకు బల్లి అంటే భయం ఉంటే చాలాసార్లు అది దానంతటదే తగ్గుతుంది, "పెద్దయితే పోతుంది" అన్న మాట అక్కడ చెల్లుతుంది. అదే భయం పదిహేనేళ్లకు కూడా ఉండి, బాత్రూంలోకి వెళ్లే ముందు అమ్మ వచ్చి నాలుగు మూలలూ చూడాల్సి వస్తోందంటే, పోవాల్సిన సమయం ఎప్పుడో దాటిపోయింది. ఇక సోషల్ ఫోబియా అయితే పూర్తిగా తలకిందులు, అది మొదలయ్యేదే ఈ వయసులో. ఎదుటివాళ్లు నన్నెలా చూస్తున్నారు, నా గొంతు వణికితే నవ్వుతారేమో అన్న ఆలోచన మనసులో గట్టిగా నాటుకునే వయసు ఇది. పెద్దయితే పోతుందంటున్నాం గానీ ఆ పెద్దవడంలోనే అది వస్తోంది.

ఆడా మగా తేడా గురించి నేను కొంచెం ఎక్కువ మాట్లాడతాను, ఎందుకంటే మనం ఎక్కువ పొరబడేది ఇక్కడే. ఏ దేశంలో ప్రశ్నావళి ఇచ్చి అడిగినా ఆడపిల్లలే ఎక్కువ భయాలు చెబుతారు. 1992లో పియర్స్, కర్క్‌పాట్రిక్ అనే ఇద్దరు పరిశోధకులు కాలేజీ విద్యార్థులతో ఒక పని చేశారు. ఎలుకలు, చేపలు, రోలర్ కోస్టర్ లాంటి వాటికి ఎంత భయపడతారో మొదట మామూలుగా రాయించారు. తర్వాత మళ్లీ రాయించారు, కానీ ఈసారి మీ గుండె వేగం కొలుస్తాం, మీరు చెప్పేది నిజమో కాదో తెలుస్తుంది అన్న నమ్మకం కలిగించారు. ఆడవాళ్ల జవాబులు పెద్దగా మారలేదు. మగవాళ్లు చెప్పిన భయం మాత్రం పెరిగింది. తేడా అంతా అబద్ధమే అని నేను అనడం లేదు, ఇద్దరి మధ్యా నిజమైన తేడా ఉంది. కానీ మగపిల్లలు దాచిపెడతారన్నది కూడా అంతే నిజం. "ఏడవకురా, ఆడపిల్లలాగా" అన్న మాట మూడేళ్ల నుంచే వింటూ పెరిగినవాడు పదిహేనేళ్లకు తనకు లిఫ్ట్ అంటే భయమని ఎవరితో చెప్పుకుంటాడు? ఎక్సర్‌సైజ్ అని చెప్పి ఐదంతస్తులు మెట్లెక్కుతాడు. ఈత రాదని తెలిస్తే నవ్వుతారని ఫ్రెండ్స్ ట్రిప్ అనగానే కడుపునొప్పి అంటాడు. మనం పిల్లాడు మొండిగా తయారయ్యాడనుకుంటాం.

ఆడపిల్లల విషయంలో వేరేలా జరుగుతుంది. అది తెలియాలంటే స్వభావం గురించి చెప్పాలి. హార్వర్డ్‌లో జెరోమ్ కేగన్ అనే సైకాలజిస్ట్ చిన్నపిల్లలను ఏళ్ల తరబడి గమనించారు. కొత్త మనిషి కనపడితే, కొత్త బొమ్మ ఇస్తే కొందరు ముందుకెళ్తారు, కొందరు బిగుసుకుపోయి అమ్మ కొంగు పట్టుకుంటారు. అలా వెనక్కి తగ్గే పిల్లలను 13 ఏళ్లు వచ్చాక మళ్లీ కలిసి చూసి 1999లో ఆ ఫలితాలు ప్రచురించారు. వీళ్లలో నలుగురిలో కలవాలంటే భయం మిగతావాళ్లకన్నా ఎక్కువగా కనిపించింది. విచిత్రం ఏంటంటే, కుక్కలు, ఎత్తులు లాంటి భయాలతో ఈ స్వభావానికి అలాంటి సంబంధం కనపడలేదు. పైగా దీనివల్ల ఎక్కువ ఇబ్బంది పడింది అమ్మాయిలు.

అలాగని మాట తక్కువగా ఉండే పిల్లలందరికీ ఫోబియా ఉందని కాదండి. ఒక్కడే కూర్చుని పుస్తకం చదువుకుంటూ హాయిగా ఉండే పిల్లాడు హాయిగానే ఉన్నాడు, వాణ్ణి వదిలేయండి. మాట తక్కువ కావడంతో పాటు చిన్నదానికీ టెన్షన్ పడటం, జరిగినదాన్ని రాత్రంతా తలుచుకుని కుమిలిపోవడం కూడా ఉంటే అప్పుడు గమనించాలి. మరి మన దగ్గర ఇలాంటి అమ్మాయిని ఏమంటారు? "ఎంత బుద్ధిమంతురాలో, నోట్లో నాలుక లేదు" అని మెచ్చుకుంటారు. క్లాసులో జవాబు తెలిసీ చెయ్యెత్తని పిల్ల, సెమినార్ రోజు జ్వరం తెచ్చుకునే పిల్ల, చుట్టాలొస్తే గదిలోంచి బయటికి రాని పిల్ల, ఆమె లోపల పడుతున్న నరకానికి మనం మంచి పిల్ల అని పేరు పెడుతున్నాం. నాకు బాగా కోపం తెప్పించే విషయం ఇది. అబ్బాయి సిగ్గుతో దాస్తాడు, అమ్మాయి దాచకపోయినా మనకు కనపడదు.

ఆడా మగా తేడా పెద్దగా లేని ఫోబియా ఒకటుంది, రక్తం, ఇంజెక్షన్ల భయం. మిగతా భయాల్లో గుండె దడదడలాడుతుంది, బీపీ పెరుగుతుంది. దీంట్లో మొదట పెరిగి, ఆ వెంటనే ఒక్కసారిగా పడిపోతుంది, పిల్లలు కళ్లు తిరిగి పడిపోతారు. అది నటన కాదు, పిరికితనమూ కాదు, శరీరం తీరు అది. టెన్త్ అవగానే ఎంపీసీనా బైపీసీనా అని అడిగే మన ఇళ్లలో, డాక్టర్ కావాలని కోరిక ఉండి కూడా రక్తం చూడలేనని బైపీసీ వదులుకునే పిల్లలుంటారు. దయచేసి ఆ నిర్ణయం అక్కడే తీసుకోకండి, ఎందుకంటే దీనికి పనిచేసే పద్ధతి ఉంది, దాన్ని తయారుచేసింది కూడా ఇందాక చెప్పిన ఓస్ట్ గారే. చేతులు, కాళ్లు, పొట్ట కండరాలను ముఖం వెచ్చబడేదాకా ఓ 10, 15 సెకన్లు బిగించాలి, వదిలి అరనిమిషం ఆగాలి, ఇలా ఐదుసార్లు. బీపీ పడిపోకుండా ఇది కాపాడుతుంది. సూది గుచ్చే చేతిని మాత్రం వదులుగానే ఉంచాలి. సైకాలజిస్ట్ దగ్గర నేర్చుకుని, మొదట రక్తం ఫొటోలతో, తర్వాత వీడియోలతో, ఆ తర్వాత ల్యాబ్‌లో సాధన చేస్తారు.

మిగతా ఫోబియాలకైనా దారి దాదాపు ఇదే, భయపడేదాని దగ్గరికి కొంచెం కొంచెంగా, పిల్లల ఒప్పుకోలుతో వెళ్లడం. భయం పోవాలని బల్లిని తెచ్చి మీద పడేయడం, చుట్టాల ముందు నిలబెట్టి పద్యం చెప్పమనడం వద్దు, దానివల్ల భయం పెరుగుతుంది, మీ మీద నమ్మకం కూడా పోతుంది. మొత్తానికే తప్పించడం కూడా వద్దు, తప్పించుకున్న ప్రతిసారీ వచ్చే ఆ హాయే భయాన్ని పెంచుతుంది. ఎవరిని అడగాలో తెలియకపోతే కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్ ఉంది, నంబరు 14416, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. పిల్లలు కూడా నేరుగా ఫోన్ చేయొచ్చు. ఇంట్లో చెప్పుకోలేని అబ్బాయి ఎవరైనా ఈ వీడియో చూస్తుంటే, నాన్నా, ఆ నంబరు నీకోసం కూడా.