కాలిపర్ కారుతోందా? సీల్ కొనేముందు పిస్టన్ చూడండి

నమస్కారం అండీ. ఈ రోజు షెడ్డుకి వచ్చిన బండి ఏటీవీ. అదేనండీ, బీచుల్లో, రిసార్టుల్లో టూరిస్టుల్ని ఎక్కించి తిప్పుతారే, లావు టైర్ల నాలుగు చక్రాల బండి. ఇది విశాఖ వైపు ఇసుకలో తిరిగిన బండి. "వారానికోసారి బ్రేక్ ఆయిల్ పోస్తున్నాం బాబూ, ఎటు పోతోందో తెలీట్లేదు" అన్నారు ఓనర్ గారు. ఎటూ పోలేదు, ఇదిగో. ఎడమ ముందు చక్రం లోపలివైపు తడిసి, ఇసుక అంటుకుని ముద్ద కట్టింది చూడండి.

బ్రేక్ ఆయిల్ పెట్రోలులా ఖర్చయిపోయేది కాదు. ప్యాడ్లు అరిగేకొద్దీ పైన డబ్బాలో మట్టం కొంచెం దిగుతుంది, అంతే. మాటిమాటికీ పోయాల్సి వస్తోందంటే ఎక్కడో కారుతున్నట్టే. అలాంటి బండి మీద జనాన్ని ఎక్కించకండి, దయచేసి.

ముందు కాలిపర్ కడిగి, పొడిగుడ్డతో తుడిచాను. కాలిపర్ అంటే చక్రం డిస్క్‌ని ప్యాడ్లతో పట్టి ఆపే భాగం. ఇప్పుడు బ్రేక్ లివర్ గట్టిగా పట్టుకుంటాను. గొట్టం బిగించే బాంజో బోల్టు దగ్గర పొడిగానే ఉంది. అక్కడ కారితే రాగి వాషర్లు రెండూ మారిస్తే సరిపోయేది. గాలి తీసే నిపుల్ కూడా పొడే. ఆయిల్ ఒత్తిడికి ప్యాడ్‌ని నెట్టే పిస్టన్ చుట్టూ మాత్రం చెమట పట్టినట్టు తడి వస్తోంది. అంటే కాలిపర్ విప్పాల్సిందే.

గొట్టం అప్పుడే ఊడదీయకండి. కాలిపర్‌ని డిస్క్ మీంచి తీసి, ప్యాడ్లు లాగేసి, పిస్టన్‌కి ఎదురుగా చెక్కముక్క పెట్టి, లివర్ మెల్లగా పంపు చేయండి. ఆయిలే పిస్టన్‌ని బయటికి నెడుతుంది. కుడివైపు కాలిపర్ డిస్క్ మీదే ఉండాలి, లేకపోతే ఆ పిస్టన్ కూడా బయటికొస్తుంది. కంప్రెసర్ గాలి కొట్టేవాళ్లూ ఉన్నారు. పిస్టన్ తుపాకీ గుండులా వస్తుంది, వేలు అడ్డం ఉంటే నలిగిపోతుంది. నేనైతే కొట్టను.

ఇక అసలు సంగతి. కెమెరా దగ్గరికి తెస్తున్నాను. ఈ సీల్ రబ్బరు రింగే, కానీ కోసి చూస్తే గుండ్రంగా కాదు, పలకగా ఉంటుంది. కాలిపర్ గాడిలో కదలకుండా కూర్చుంటుంది, పిస్టన్ దాని మధ్యలోంచి జారుతుంది. లివర్ నొక్కినప్పుడు కొంచెం మెలి తిరుగుతుంది, వదిలితే మళ్లీ సర్దుకుంటూ పిస్టన్‌ని వెనక్కి లాగుతుంది. ఆయిల్ ఆపడమూ, ప్యాడ్‌ని డిస్క్ నుంచి వదిలించడమూ, రెండూ దీని పనే.

ప్లాస్టిక్ పుల్లతో సీల్ తీశాను. ఒకప్పుడు తొందరపడి స్క్రూడ్రైవర్‌తో పెకిలించి, గాడి గీరుకుపోయి, కొత్త కాలిపర్ కొని కస్టమర్‌కి ఇచ్చుకున్నాను. చూశారా గాడి అడుగున? సున్నంలా తెల్లటి పొడి. ఉప్పుగాలికి, తేమకి అల్యూమినియం తినేసింది. ఈ పొడి వెనక నుంచి సీల్‌ని నెడుతోంది. ఇది గోకకుండా కొత్త సీల్ వేస్తే పిస్టన్ పట్టేస్తుంది, లేదా మళ్లీ కారుతుంది. ఇత్తడి బ్రష్‌తో, బ్రేక్ క్లీనర్‌తో ఓపిగ్గా శుభ్రం చేయాలి. ఇక్కడే అరగంట పోయింది నాకు.

పిస్టన్ మీద గోరు నడిపి చూడండి. సీల్ రాసుకునే చోట ఇదిగో, గోరుకి తగిలే గుంట. తుప్పు గుంట. దీన్ని ఉప్పుకాగితంతో రుద్దితే పోదు. రుద్దేకొద్దీ పైపూత లేచిపోతుంది. పిస్టన్ మార్చాల్సిందే. సీల్ కిట్ చవకని అది ఒక్కటే వేసి పంపిస్తే, ఓనర్ గారు నెలలోపే మళ్లీ వస్తారు.

కొత్త సీల్‌కి కొత్త బ్రేక్ ఆయిలే పూసి వేలితోనే కూర్చోబెట్టండి. ఇంజన్ ఆయిల్, మామూలు గ్రీజు తగలకూడదు, రబ్బరు ఉబ్బిపోతుంది. పిస్టన్ వంకర లేకుండా బొటనవేళ్లతో దిగాలి. సుత్తి వాడాల్సి వచ్చిందంటే ఎక్కడో తప్పు జరిగినట్టే. కాలిపర్ అటూ ఇటూ జరిగే స్లైడర్ పిన్నులకి సిలికాన్ గ్రీజు, బాంజో బోల్టుకి కొత్త రాగి వాషర్లు. బోల్టు బిగింపు మీ బండి మాన్యువల్ ప్రకారం. ఆయిల్ తాగిన ప్యాడ్లు ఎంత కడిగినా పట్టవు, పారేయండి.

ఆయిల్ డబ్బా మూత మీద డాట్ 4 అని రాసి ఉంది, అది బ్రేక్ ఆయిల్ రకం. ఇది గాల్లో తేమ పీల్చుకుంటుంది. కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టాక ఆ హద్దు 155కి పడిపోతుంది. అందుకే పోయినేడు తెరిచిన సీసా వద్దు. డాట్ 5 సిలికాన్, దీంతో కలపకూడదు. ఈ డాట్ 4 పెయింటు మీద పడితే వెంటనే నీళ్లతో కడగండి, లేకపోతే పెయింటు లేచిపోతుంది.

గొట్టంలో చేరిన గాలి తీయడం ఇలా: లివర్ నొక్కి పట్టు, నిపుల్ వదులు, బిగించు, అప్పుడు లివర్ వదులు. డబ్బా మాత్రం ఖాళీ కానివ్వకండి. నిపుల్ పైవైపు ఉండాలి. కుడి ఎడమ కాలిపర్లు తారుమారైతే అది కిందికొచ్చి, గాలి పైన ఇరుక్కుంటుంది. సీసా మీద సీసా పోసినా లివర్ మెత్తగానే ఉంటుంది.

ఇప్పుడు లివర్ గట్టిగా ఉంది. రాత్రంతా తాడుతో కట్టేసి, కింద న్యూస్ పేపర్ పరిచాను. పొద్దున్నే చూస్తే పేపర్ పొడిగా ఉంది. షెడ్డు ముందు మెల్లగా రెండు రౌండ్లు తిప్పాను, సరిగ్గా ఆగుతోంది. కుడివైపు కాలిపర్ కూడా అదే ఇసుకలో తిరిగింది కదా, ఓనర్ గారు ఒప్పుకున్నారు, రేపు అది విప్పుతున్నాం.