పట్టాల మీద తగ్గిన బండ్లు, రోడ్డు మీద పెరిగిన రద్దీ

అధ్యక్షులకు, సభికులకు నమస్కారం.

నగరంలో ప్రయాణికుల రైలు క్షీణించిందనడానికి పట్టాలు పీకేయనక్కర్లేదు. పట్టాలూ స్టేషన్లూ టికెట్ కౌంటర్లూ అన్నీ ఉండి, బండి ఎప్పుడొస్తుందో చెప్పలేని స్థితి వచ్చినా అది క్షీణతే. హైదరాబాద్ లోకల్ రైళ్లకు, అంటే ఎంఎంటీఎస్‌కు పట్టిన గతి ఇదే కనుక నా మాటలను దానికే పరిమితం చేస్తాను.

2003 ఆగస్టులో మొదలైన ఈ లోకల్ రైళ్లను ఉన్న మార్గాల మీదే నడిపించారు. లింగంపల్లి లోకల్ పోయేది 1874లో నిజాం హయాంలో వేసిన వాడి–సికింద్రాబాద్ లైను మీదనే. ఖర్చు తగ్గించిన ఆ ఏర్పాటే తర్వాత గుదిబండ అయింది. ఎక్స్‌ప్రెస్‌లూ గూడ్సు బండ్లూ అదే దారిన పోవాలి కాబట్టి లోకల్‌ను పక్కన ఆపడం మామూలైంది. ఎక్స్‌ప్రెస్ ఆలస్యమైతే పైనుంచి సంజాయిషీ అడుగుతారు. బేగంపేట ప్లాట్‌ఫారం మీద నిలబడ్డ గుమాస్తా ఆలస్యం మాత్రం అతని ఆఫీసు హాజరు పట్టీలోనే కనబడుతుంది.

కోవిడ్‌కు ముందు రోజుకు దాదాపు 120 సర్వీసులు ఉండేవి. 2020 మార్చిలో అవన్నీ ఆగిపోయి, 2021 జూన్‌లో కొద్దికొద్దిగా మళ్లీ మొదలైనా, వదిలిపోయిన వారందరూ తిరిగి రాలేదు. ఆ పదిహేను నెలల్లో అప్పు చేసి మోటార్‌సైకిల్ కొనుక్కున్న మనిషి వాయిదాలు కడుతున్నంతకాలం స్టేషన్ వైపు చూడడు. పావుగంటకొక రైలుంటే సగటు ఎదురుచూపు ఏడెనిమిది నిమిషాలు. గంటకొకటైతే అరగంట, ఒకటి తప్పిపోతే మరో గంట. కనుక ప్రయాణికులు తగ్గుతారు, తగ్గారని సర్వీసులు కుదిస్తారు, కుదించారని ఇంకొందరు దిగిపోతారు. చివరికి ‘జనం ఎక్కడం లేదు’ అన్న మాటే అధికారిక కారణంగా స్థిరపడుతుంది.

ఇలా దిగిపోయినవారు రోడ్డు మీదికే వస్తారు. అడ్డంకులేవీ లేనప్పుడు రోడ్డులో ఒక వరుస (లేన్) గంటకు మోయగలిగేది దాదాపు 2,000 కార్లను. ఒక్కో కారులో ఉండేది చాలావరకు ఒకరో ఇద్దరో. రోడ్డు నిండేదాకా అదనంగా వచ్చే వాహనం ఎవరినీ పెద్దగా బాధించదు కానీ, నిండిన తర్వాత కొద్దిపాటి పెరుగుదలకే ప్రయాణ సమయం అమాంతం పెరుగుతుంది. అందుచేత నగర జనాభాలో చిన్న వాటాయే రైలెక్కుతున్నా, ఆ వాటా రోడ్డుకు మళ్లినప్పుడు బస్సులో కూర్చున్నవారితో సహా అందరూ నష్టపోతారు.

అభివృద్ధి విషయంలో జరిగే నష్టం ఇంత స్పష్టంగా కనిపించదు. నగరం విలువ, ఒక మనిషి గంటలోపు ఎన్ని కొలువులను అందుకోగలడన్న దాని మీద ఆధారపడుతుంది. ఫలక్‌నుమా నుంచి లింగంపల్లికి నేరుగా నడిచే ‘ఎఫ్‌ఎల్’ బండి, ఐదు రూపాయలతో మొదలయ్యే టికెట్ మీద, పాతబస్తీలో ఉండే క్యాంటీన్ పనివారికీ సెక్యూరిటీ గార్డులకూ హైటెక్ సిటీ వైపు దారి చూపింది. దాన్ని నమ్ముకోలేని రోజున వాళ్లు షేర్ ఆటోలు మారుతూ వెళ్లాలి, లేదా దగ్గర్లోనే తక్కువ జీతానికి సర్దుకోవాలి. (హైటెక్ సిటీ స్టేషన్లో దిగితే ఆఫీసు ఎదురుగా ఉంటుందనుకునే కొత్తవారికి ఆ షేర్ ఆటోలు ఎలాగూ తప్పవు.) మరోవైపు, 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు వెంట వెంచర్ల ప్రకటనలు ఎగ్జిట్ ఎంత దూరమో చెబుతాయి గానీ స్టేషన్ ఊసెత్తవు.

2017లో మొదలైన మెట్రో ఈ లోటు తీర్చిందనడం సరికాదు. అది లింగంపల్లికీ పోదు, ఫలక్‌నుమాకూ పోదు. రాష్ట్రం మూడింట రెండు వంతులు, రైల్వే ఒక వంతు భరించాలన్న ఒప్పందంతో తలపెట్టిన ఎంఎంటీఎస్ రెండో దశ వాటా సొమ్ముల వాదనల్లో ఏళ్ల తరబడి నలిగింది. మేడ్చల్‌కు, ఉందానగర్‌కు బండ్లు నడిచింది 2023 ఏప్రిల్ నుంచి మాత్రమే.

సికింద్రాబాద్ మీద భారం తగ్గించడానికి 2025 జనవరిలో చర్లపల్లి టెర్మినల్ ప్రారంభించారు. అది ఎంఎంటీఎస్ మార్గంలోనే ఉంది. దూరపు రైళ్లను అక్కడికి మార్చే ప్రతి ఉత్తర్వుతో పాటు, తెల్లవారుజామున అక్కడ దిగేవారిని నగరంలోకి చేర్చే లోకల్ రైళ్ల వేళలనూ ప్రకటించాలని నేను కోరుతున్నాను. ఆ పని జరగకపోతే సికింద్రాబాద్ ప్లాట్‌ఫారాల మీద తగ్గించిన ఒత్తిడిని చర్లపల్లి నుంచి నగరానికి వచ్చే రోడ్లే మోయవలసి వస్తుంది.